పచ్చజెండా లేవని పూట

చచ్చిన డాల్ఫిన్ పిల్ల మెడకు వల చుడుతుండగా ఆమె చూసింది.

అప్పుడే తెల్లవారింది. డ్యూటీ లాంచి కోసం ఒడ్డు వెంబడి నడుచుకుంటూ వస్తోంది. తడి ఇసుకలో నలుగురు వంగి ఏదో చేస్తున్నారు. దగ్గరికి వచ్చాక నలుగురూ కంపెనీ పసుపు కోట్లవాళ్లేనని తెలిసింది. వాళ్ల కాళ్ల మధ్య ఆ పిల్ల పడి ఉంది. బడికి పోయే బిడ్డంత ఉంటుంది. ఒంటి మీద గాటు లేదు, గీరుకున్న జాడ లేదు. డొక్క మాత్రం లోపలికి పీక్కుపోయింది. ఒకడు చిరిగిన వల ముక్కను దాని మెడ చుట్టూ తిప్పాడు. ఇంకొకడు రెక్క కింద నుంచి దూర్చి ముడేశాడు. మూడోవాడు ఫోను పట్టుకుని, "ఇటు తిప్పురా, ముడి కనబడాలి" అన్నాడు.

నాలుగోవాడు తలెత్తి ఆమెను చూశాడు. "ఏం పిన్నీ, నీ చుట్టం పోయాడు" అన్నాడు.

మిగతా ముగ్గురూ నవ్వారు. ఆమెకు కోపం రావాలి. రాలేదు. ఏడుపు రావాలి, అదీ రాలేదు. పళ్ల డాక్టరు సూది వేశాక దవడ ఎలా ఉంటుందో ఒళ్లంతా అలా ఉంది. ఆ పిల్లను ఆమె గుర్తుపట్టింది. వెన్ను మీది రెక్క కొస వంగి, మడిచిన కాగితంలా ఉంటుంది దానికి. నాలుగు రోజుల కింద బతికుండగా చూసింది. చూసి, పచ్చజెండా ఎత్తింది.

లాంచి కూత వినబడితే వెళ్లి ఎక్కింది.

సైటులో ఆమెను అందరూ జెండా పిన్ని అంటారు. ఒడ్డుకు రెండు మైళ్ల దూరంలో పెద్ద ఓడలు ఆగడానికి జెట్టీ కడుతున్నారు. పైల్ అనే ఇనప స్తంభాలను బార్జి అనే బల్లపరుపు ఓడ మీద నుంచి సముద్రం అడుగుకు దిగగొడతారు. కొట్టే సుత్తి ఇల్లంత ఉంటుంది. ఆ దెబ్బ గాలిలో వినబడేది కొంతే, నీళ్లలో వినబడేది దానికి ఎన్నో రెట్లు. డాల్ఫిన్లు చెవులతో బతికే జీవాలు. తిండి వెతుక్కోవడం చెవితోనే, దారి తెలుసుకోవడం చెవితోనే, బిడ్డను పిలుచుకోవడం కూడా చెవితోనే. అందుకని కొన్ని నియమాలు పెట్టారు. కంపెనీకి జాలి పుట్టి పెట్టినవి కావు అవి. లేకపోతే అనుమతి రాదు గనక పెట్టినవి.

బార్జి చుట్టూ అర కిలోమీటరు దూరంలో ఎర్ర పీపాలు తేలుతుంటాయి. సుత్తి కదిలే ముందు అర్ధగంట పాటు ఒక మనిషి ఆ వలయమంతా చూడాలి. లోపల డాల్ఫిన్ ఉంటే ఎర్రజెండా. అది బయటికి పోయి మళ్లీ అర్ధగంట గడిస్తేనే పచ్చజెండా. ఆ తరవాత కూడా ఒకేసారి గట్టిగా కొట్టకూడదు. ఇరవై నిమిషాలు మెల్లదెబ్బలు కొట్టాలి, కంటికి చిక్కనిది ఏదైనా ఉంటే అది తప్పుకు పోవడానికి. ఆ చూసే మనిషిగా ఆమెను పెట్టుకున్నారు. ముప్పై ఏళ్లు ఒడ్డున చేపలు ఏరిన మనిషి, నీళ్ల మీద ఏది కదిలినా ఏమిటో చెప్పగలదు. ఒక బైనాక్యులర్, రెండు జెండాలు, ఒక ప్లాస్టిక్ స్టూలు ఇచ్చారు.

ఇంకో నియమం కాగితం మీద లేదు. ఎర్రజెండా వల్ల ఎంతసేపు పని ఆగితే అంతసేపు షిఫ్టు అయిపోయాక నిలబడి పనిచెయ్యాలి. అది మేనేజరు పెట్టాడు. దాంతో ఆమె జెండా కర్ర మీద చెయ్యి వేస్తే చాలు, అరవై మంది మొహాలు మాడిపోయేవి.

"వచ్చారా పిన్నీ నీ చుట్టాలు? కాఫీలిచ్చి పంపించెయ్."

"రేపు మా ఆవిడ పురుడుకి కూడా నువ్వే వెళ్లు, నేను ఇక్కడే ఉంటా."

ఆమె బైనాక్యులర్ దించేది కాదు. ఆ అరవై మందిలో ఆమె అల్లుడు కూడా ఉన్నాడు. సుత్తి నడిపేది అతనే. రెండేళ్లుగా నడుపుతున్నాడు. ఇప్పుడు కుడిచెవి బొత్తిగా లేదు, ఎడమచెవి దగ్గర అరిస్తే కొంచెం తెలుస్తుంది. వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయాయి. అన్నం కలుపుకుంటుంటే వేడి తెలియక చెయ్యి కాల్చుకుంటాడు. కూతురు పక్కన కూర్చుని ఊది పెడుతుంది. చెవుల మీద పెట్టుకునే మూతలు కంపెనీ మొదటి నెలలో ఇచ్చింది. అవి విరిగాక మళ్లీ ఇవ్వలేదు. సైరను అతనికి వినబడదు, మేస్త్రి కేక వినబడదు. అత్తగారి జెండా చూసి సుత్తి ఆపుతాడు, జెండా చూసి నడుపుతాడు.

నాలుగు రోజుల కింద జరిగింది ఇది. పొద్దున తొమ్మిదింటికి తల్లీ పిల్లా వలయం లోపలికి వచ్చాయి. ఆమె ఎర్రజెండా ఎత్తింది. పైల్ నిలబెట్టి ఉంది, అందరూ ఎండలో ఆగిపోయారు. గంట దాటింది. కింద నుంచి గొణుగుడు, పైనుంచి వైర్‌లెస్‌లో మేనేజరు గొంతు. ఆఖరికి తల్లి పీపాలు దాటి బయట తేలింది. ఒకసారి, రెండుసార్లు, మూడోసారి ఇంకా దూరంగా. ఆమె గడియారం చూసుకుంది. అర్ధగంట అయ్యాక పచ్చజెండా ఎత్తింది.

పిల్ల కోసం వేరే చూడలేదు. ఒడ్డున పుట్టినవాళ్లెవరూ చూడరు. చనుబాలు తాగే పిల్ల తల్లి పక్కటెముకకు అంటుకుని ఈదుతుంది. తల్లి రెక్కను లెక్కపెడితే పిల్లనూ లెక్కపెట్టినట్టే. వాళ్ల అమ్మ అలాగే లెక్కపెట్టింది, ఆమె తమ్ముడు ఇప్పటికీ అలాగే లెక్కపెడతాడు. నీళ్లు నిశ్శబ్దంగా ఉన్నన్నాళ్లు ఆ లెక్క తప్పలేదు. ఇనప దెబ్బలు మొదలయ్యాక కూడా అదే లెక్క నడుస్తుందని ఆమె అనుకుంది.

ఆ పూట నుంచి తల్లి పీపాల అవతల తిరుగుతూనే ఉంది. తిరిగి తిరిగి అక్కడే. అంతసేపు ఒకేచోట ఎందుకు తిరుగుతోందో ఆమె తనను తాను అడుక్కుంది గాని, జవాబు దాకా పోలేదు. పోతే ఏమవుతుందో కొంత తెలుసు కాబోలు.

*

ఆ రోజు మధ్యాహ్నం మేనేజరు కబురు పెట్టాడు. ఇనప పెట్టె లాంటి గది, అందులో ఏసీ. బల్ల మీద ఫొటో ఉంది. వల, ముడి, పిల్ల.

"కూర్చోండమ్మా" అన్నాడు. మునుపెన్నడూ కూర్చోమనలేదు. "పాపం చూశారా. జాలరివాళ్లు ఎంత చెప్పినా వినరు."

ఆమె ఫొటో చూసింది. "పొద్దున వల లేదు సార్ దాని మీద. నేను చూస్తుండగా చుట్టారు."

మేనేజరు అదేమీ విననట్టు ఇంకో కాగితం ముందుకు తోశాడు. "ఈ అఖాతంలో ఇకమీదట వలలు వెయ్యకూడదని ఉత్తర్వు వస్తోంది. డాల్ఫిన్ల రక్షణ కోసం. మంచిదేగా. మీరు ఈ స్టేట్‌మెంటు మీద సంతకం పెట్టాలి. మీ డ్యూటీలో నియమాలన్నీ పాటించారు, వలయం లోపల ఏ జంతువూ కనబడలేదు, అంతే."

"కనబడింది సార్."

"షీటులో లేదమ్మా."

ఏ రోజు ఏం కనబడిందో రాసే షీటు తెచ్చి చూపించాడు. ఆ రోజు గడిలో 'లేదు' అని అచ్చువేసి ఉంది. మెల్లదెబ్బలు అన్న గడిలో టిక్కు ఉంది. కింద ఆమె సంతకం ఉంది. నెల మొదట్లోనే ఖాళీ షీట్ల మీద సంతకాలు పెట్టించుకుంటారు. సముద్రం మీద కాగితాలు తడిసిపోతాయని గుమస్తా చెప్పాడు, నిజమేననుకుంది.

"కనబడింది అంటే ఏమవుతుందో ఆలోచించారా" అన్నాడు మేనేజరు మెల్లగా. "కనబడితే పచ్చజెండా ఎవరెత్తినట్టు? మీరే. మీ అజాగ్రత్త వల్ల పోయినట్టు. అదంతా మనకెందుకు. సంతకం పెట్టండి, వచ్చే నెల నుంచి ఆఫీసులో కూర్చునే పని ఇప్పిస్తా. ఈ ఎండ ఉండదు."

"రేపు పెడతాను సార్."

"రేపు పొద్దున్నే" అన్నాడు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి గుమ్మంలో తమ్ముడు కూర్చుని ఉన్నాడు. వల వేసి బతికే మనిషి. ఉత్తర్వు సంగతి ఒడ్డంతా తెలిసిపోయింది. లేవలేదు, చెప్పులు విప్పుతున్న అక్క కాళ్లకేసి చూస్తూ మాట్లాడాడు.

"ఏమిటక్కా, మా వలలో పడి చచ్చిందటగా."

"కాదు."

"మరి ఫొటోలో ఉంది మా వల కాదా? నీలం నూలు. మేం చింపి పారేసిందే."

"చచ్చాక చుట్టారు. నేను చూశాను."

"చూశావు. ఎవరికి చెప్పావు?"

ఆమె లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. అతను తాగలేదు, గ్లాసు పక్కన పెట్టాడు.

"సంతకం పెడతావా?"

"పెట్టకపోతే నా తప్పు బయటికొస్తుందిరా."

"ఏం తప్పు?"

అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చెప్పింది. తల్లి బయట తేలడం, గడియారం చూసుకోవడం, జెండా. తమ్ముడు పక్కన పెట్టిన గ్లాసు తీసుకుని నీళ్లు తాగాడు. తరవాత, "నేనైనా అలాగే లెక్కపెట్టేవాణ్ని" అన్నాడు. లేచాడు. "కానీ అక్కా, నువ్వు సంతకం పెట్టిన మర్నాడు నేను పడవ ఒడ్డెక్కించాలి. ఎక్కించి వేరే ఊరు పోవాలి పనికి. బావ పోయాక మనిద్దరమే మిగిలాం ఈ వీధిలో. అది కూడా చూసుకో."

వెళ్లిపోయాడు. భర్త పోయిన రోజు కూడా ఇలాగే, వస్తానని చెప్పి గుమ్మం దాటి వెళ్లాడు. ఆమె చేపలు ఏరుతూ, వెనక్కి తిరగకుండా ఊఁ అంది. పడవ మునిగింది, ఆ ఊఁ తరవాత ఇంకో మాట లేదు. ఇప్పుడు గబగబా వీధిలోకి వచ్చి పిలిచింది.

"రేపు సాయంత్రం షెడ్డు దగ్గరికి రా. మీవాళ్లను తీసుకుని రా. అక్కడ చెబుతాను."

"ఎవరికి?"

"అందరికీ."

*

మర్నాడు పొద్దున మేనేజరుకు కళ్లు మసకగా ఉన్నాయని, కళ్లజోడు ఇంట్లో మరిచానని చెప్పి ఒక్కరోజు గడువు సంపాదించింది. సాయంత్రం షిఫ్టు దిగాక ఒడ్డున బట్టలు మార్చుకునే రేకుల షెడ్డులో నిలబడింది. కార్మికులు బెంచీల మీద, బకెట్లు బోర్లించుకుని వాటి మీద కూర్చున్నారు. గుమ్మం దగ్గర తమ్ముడూ, పాతిక మంది జాలర్లూ నిలబడ్డారు. ఈ రెండు గుంపులకూ పడదు. జెట్టీ వచ్చాక చేప పోయిందని వాళ్లు, జాలర్ల గొడవల వల్ల పని ఆగుతోందని వీళ్లు.

"వీళ్లెందుకొచ్చారు?" అని మేస్త్రి అడిగాడు.

"నీ షెడ్డు చూసిపోదామని. బావుంది, మా కోళ్ల గూడు కంటే పెద్దదే" అన్నాడు తమ్ముడు.

పిన్ని మొదలుపెట్టింది. ముందు వల సంగతి చెప్పింది. జాలర్లు ఊగిపోయారు. తరవాత తన జెండా సంగతి చెప్పింది. షెడ్డు చల్లబడింది.

"అయితే తప్పు నీదే కదా పిన్నీ" అన్నాడు ఒకడు. "మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టడం దేనికి?"

"నాదే. అది చెప్పడానికే పిలిచాను."

వెనక బెంచీ మీద వెల్డరు తన బూటు లేసులు విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు. రెండోసారి కూడా విప్పాడు. అప్పుడన్నాడు, తల ఎత్తకుండా:

"నేను చూశాను దాన్ని."

"దేన్ని?"

"పిల్లని. కింది మెట్టు మీద వెల్డింగ్ చేస్తుంటే పైల్‌కి ఒళ్లు రాసుకుంటూ ఉంది. రెండు రోజులు ఉంది అక్కడే. నా బూటు వాసన చూసింది ఒకసారి. నేను చెప్పలేదు. చెబితే పిన్ని ఎర్రజెండా ఎత్తుతుంది, రాత్రి పదింటిదాకా మనం నిలబడాలి. మా పాపకి జ్వరం అప్పుడు. చెప్పలేదు."

పిన్ని గోడకు ఆనుకుంది. అది రెండు రోజులు లోపలే ఉంది. తల్లి బయట. మధ్యలో సుత్తి చప్పుడు. పాలందక ఎండిపోయింది.

"మరి తల్లి పిలవలేదా?" అని ఒక జాలరి అడిగాడు.

"పిలిచే ఉంటుంది" అన్నాడు క్రేన్ నడిపే ముసలాయన. అందరికీ తాత అతను, పిన్నికి మాత్రం అన్న. "వినబడాలిగా. మన సుత్తివాడిని వాళ్ల ఆవిడ గుమ్మంలో నిలబడి పిలిస్తే వినబడుతోందా?"

అల్లుడు అందరి మొహాలూ తన వైపు తిరగడం చూశాడు. "ఏమంటున్నారు?" అని అరిచాడు. పక్కవాడు చెవిలో చెప్పాడు. అతను లేచి నిలబడ్డాడు.

"మెల్లదెబ్బలు కొట్టలేదు నేను" అన్నాడు. అన్ని మాటల్లాగే అదీ కేకలా వచ్చింది. "మూడు నెలలైంది కొట్టి. టైము వేస్టు అన్నారు, మానేశాను. ఆ రోజు కూడా మొదటి దెబ్బే గట్టి దెబ్బ."

"అరవకురా, బయటికి వినబడుతుంది."

"నేనెక్కడ అరుస్తున్నాను" అని అరిచాడు. ఒకరిద్దరు నవ్వారు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

తాత లేచాడు. "చూడండి. పిన్ని చేత ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించారు. వీడి చేత మెల్లదెబ్బలు మానిపించారు. ఆగిన గంటలు మన నెత్తిన వేసి వెల్డరు నోరు మూయించారు. నాకు గాలి వేగం అరవై కిలోమీటర్లు దాటినా క్రేన్ దించొద్దన్నారు, దించలేదు. మనలో ప్రతివాణ్నీ ఒక్కో తప్పులో ముంచి ఉంచారు. ఎవడి తప్పు వాడు కడుపులో దాచుకుని కూర్చుంటాడని వాళ్లకి తెలుసు. చేపలు పట్టేవాడికీ మనకీ పడదని తెలుసు. వాళ్ల ధైర్యమంతా అదే, ఇంకేం లేదు."

"ఇప్పుడేం చెయ్యమంటావు?" అన్నాడు మేస్త్రి. "బయటపెడితే అందరి పనీ పోతుంది."

"ఒక్కడు బయటపెడితే ఒక్కడి పని పోతుంది. అందరం పెడితే పైల్ ఎవరు కొడతారు? ఆ మేనేజరు తలతో కొడతాడా?"

వాదన చాలాసేపు జరిగింది. జంతువు కోసం మనుషుల కూడు పోగొట్టుకుంటామా అని ఒకడు, జంతువుకి పోయిన చెవే నీకూ పోతోందిరా అని ఇంకొకడు. మేస్త్రి మధ్యలో లేచి వెళ్లిపోయాడు, గుమ్మం దాకా వెళ్లి తిరిగొచ్చాడు, ఎందుకొచ్చాడో చెప్పలేదు. ఆఖరికి ఒక కాగితం తీశారు. పిన్ని ముందు రాసింది. ఆమె అక్షరాలు పెద్దపిల్లల తల్లి అయ్యాక నేర్చుకున్నవి, విడివిడిగా ఉంటాయి. 'తల్లీ పిల్లా లోపలికి వచ్చాయి. తల్లి బయటికి పోవడం చూశాను. పిల్ల పోవడం చూడలేదు. పచ్చజెండా ఎత్తాను. చచ్చిన పిల్లకు కంపెనీవాళ్లు వల చుట్టడం చూశాను.' దాని కింద వెల్డరు రాశాడు. అల్లుడు రాశాడు. తాత రాశాడు. ఆ తరవాత ఎవరు చేసింది వాళ్లు. ఏమీ చెయ్యనివాళ్లు 'తెలిసి ఊరుకున్నాను' అని రాశారు. అవే ఎక్కువ. ఆఖర్లో కోరికలు రాశారు: నియమాలు నిజంగా జరగాలి, ఆగిన సమయం పని సమయమే కావాలి, చెవులకు మూతలు, చెవుల పరీక్ష, వలల మీద ఉత్తర్వు రద్దు. జాలర్లు కూడా సంతకాలు పెట్టారు.

పిన్నికి తేలిక పడాలి. పడలేదు. నకళ్లు రాయడానికి ఇంకో రెండు కాగితాలు అడిగింది.

*

తెల్లారి బార్జి మీద అందరి ముందూ ఆ కాగితం మేనేజరు చేతికిచ్చింది. అతను చదివాడు. చదువుతున్నంతసేపూ కాగితం అంచు గాలికి కొట్టుకుంది. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నకళ్లు రెండు ఒడ్డున ఉన్నాయి సార్" అన్నాడు తాత.

"సరే. మాట్లాడదాం. ముందు పని మొదలుపెట్టండి."

పిన్ని స్టూలు మీద కూర్చుంది. బైనాక్యులర్ పెట్టుకుంది. తల్లి అక్కడే ఉంది. ఇవాళ పీపాల ఇవతలే తేలింది, ఏడో రోజు. ఆమె ఎర్రజెండా ఎత్తింది.

ఎవరూ చుట్టాల మాట ఎత్తలేదు. పనిముట్లు కింద పెట్టి కూర్చున్నారు. గంట గడిచింది. మేనేజరు పైకొచ్చాడు.

"అది దూరంగానే ఉందిగా. పచ్చది ఎత్తండి."

"లోపలే ఉంది సార్."

"ఎత్తుతారా లేదా?"

"అది పోయాక అర్ధగంటకి."

అతను ఆమె చేతిలోంచి జెండాలు లాక్కున్నాడు. గుమస్తాను పిలిచి పచ్చజెండా ఇచ్చాడు. గుమస్తా ఎప్పుడూ జెండా పట్టిన మనిషి కాదు, తువ్వాలు ఆరేస్తున్నట్టు రెండు చేతులతో పైకెత్తాడు. సైరను మోగింది. అరవై మందీ అతనికేసి చూశారు, ఎవరూ లేవలేదు.

మేనేజరు సుత్తి దగ్గరికి వెళ్లి అల్లుడి మొహం ముందు చెయ్యి ఊపాడు. "పచ్చజెండా కనబడట్లేదా? కొట్టు."

"మా అత్తయ్య ఎత్తలేదు" అన్నాడు అల్లుడు. ఆ మాట బార్జి ఆ కొస దాకా వినబడింది.

"నీ ఉద్యోగం పోతుంది."

"ఏంటి?"

"నీ ఉద్యోగం పోతుందన్నాను."

"వినబడట్లేదు సార్" అన్నాడు అల్లుడు. "చెవులు పోయాయి."

మధ్యాహ్నానికి పోలీసు లాంచి వచ్చింది. ఇన్‌స్పెక్టరు నిచ్చెన ఎక్కి, పని అడ్డుకుంటున్నది ఎవరని అడిగాడు. మేనేజరు పిన్నిని చూపించాడు. అజాగ్రత్తగా ఒక రక్షిత జంతువు చావుకు కారణమైందని, అది తనే ఒప్పుకుని రాసిచ్చిందని జేబులోంచి కాగితం తీశాడు. పైన ఆమె రాసిన నాలుగు వరుసలు మాత్రం కనబడేలా మడిచి పట్టుకున్నాడు.

"కిందిది కూడా చదవండి సార్" అన్నాడు వెల్డరు. "నా పేరు రెండోది."

"స్టేషన్లో చదువుతాంలే" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పదమ్మా."

కార్మికులు లేచి నిచ్చెన చుట్టూ నిలబడ్డారు. తోపులాట మొదలైంది. ఒక కానిస్టేబులు లాఠీ వెల్డరు భుజం మీద పడింది. పిన్ని చెయ్యి ఎత్తి వద్దంది. "కూర్చోండి. మీరు లేస్తే సుత్తి దగ్గర ఎవరూ ఉండరు. వాళ్లకి కావలసింది అదే."

అల్లుడు ఆమె మొహంలోకి చూస్తున్నాడు, పెదవులు చదవడానికి. ఆమె అతని కోసం మళ్లీ ఒకసారి నెమ్మదిగా చెప్పింది. "కూర్చో నాయనా. అమ్మాయికి చెప్పు, అన్నం చల్లార్చి పెట్టమని." అతనికి ఎంత అందిందో తెలియదు. తల ఊపాడు. వెళ్లి సుత్తి కింద కూర్చున్నాడు. ఒక్కొక్కరే వెళ్లి అతని పక్కన కూర్చున్నారు, మేస్త్రి కూడా.

ఆమె నిచ్చెన దిగింది. లాంచిలో రెండు వైపులా ఇద్దరు కూర్చున్నారు. బేడీలు వెయ్యలేదు, ముసలిది దూకి ఎక్కడికి పోతుందని. అది పోలీసుల సొంత లాంచి కాదు, కంపెనీ అద్దెకిచ్చింది. డ్రైవరు రోజూ షిఫ్టువాళ్లను దించేవాడే. ఆమెకేసి చూడకుండా ఇంజను వేశాడు.

పీపాల దగ్గరికి వచ్చేసరికి పడవలు ఉన్నాయి. ముప్పై, నలభై. ఒడ్డు నుంచి తెడ్లు వేసుకుంటూ వచ్చాయి. ఒకదానికొకటి తాడు కట్టుకుని లాంచి దారికి అడ్డంగా వరసగా నిలబడ్డాయి. ఎదురుగా ఉన్న పడవలో తమ్ముడు నిలబడి ఉన్నాడు.

ఇన్‌స్పెక్టరు మైకు తీశాడు. "నిన్ననే ఉత్తర్వు వచ్చింది, ఈ ప్రాంతంలో చేపలు పట్టడం నిషేధం. దారి వదలండి."

"నిషేధం వలల మీద సార్" అన్నాడు తమ్ముడు. "మా దగ్గర ఒక్క వల కూడా లేదు, వెతుక్కోండి."

"పడవలు తియ్యండి."

"ఇంజన్లు వెయ్యకూడదు సార్, డాల్ఫిన్లు బెదురుతాయి. మీ ఉత్తర్వులోనే ఉంది, మూడో పేరా. తెడ్లతో తియ్యాలంటే సాయంత్రం అవుతుంది."

పడవల్లో నవ్వులు లేచాయి. తమ్ముడు నవ్వలేదు. అక్కకేసి చూశాడు. ఆమె కూడా చూసింది. ఈసారి మొహం తిప్పుకోలేదు.

అప్పుడే సాయంత్రం పనికి దిగే రెండో షిఫ్టు లాంచి ఒడ్డు నుంచి వచ్చింది. అందులో యాభై మంది. బార్జి మీద మేనేజరు మైకు అందుకున్నాడు. పడవలను తప్పించుకుని పైకి వచ్చి పని మొదలుపెట్టమన్నాడు. రెండో షిఫ్టువాళ్లు గాలిలో వేలాడుతున్న సుత్తిని చూశారు, కింద కూర్చున్నవాళ్లను చూశారు, పోలీసుల మధ్య పిన్నిని చూశారు. రెండో షిఫ్టులో సుత్తి నడిపేవాడు నడివయసు మనిషి, ఎవరితోనూ కలవడు. అతను లాంచిలోని వైర్‌లెస్ అందుకుని బార్జిని పిలిచాడు.

"ఏం రాశారురా కాగితంలో?"

"మెల్లదెబ్బలు కొట్టలేదని" అని తాత వైర్‌లెస్‌లోనే జవాబిచ్చాడు.

అతను తన షిఫ్టువాళ్లకేసి ఒకసారి తిరిగి చూశాడు. "మేమూ కొట్టలేదు" అన్నాడు. "మా షిఫ్టు పేర్లు కూడా రాసుకోండి."

వాళ్ల లాంచి బార్జి వైపు పోలేదు. పక్కకి వచ్చి పడవల వరసలో ఆగింది. ఎవరో తాడు విసిరారు, ఎవరో పట్టుకున్నారు.

"వెనక్కి తిప్పి అటు నుంచి పోనియ్" అన్నాడు ఇన్‌స్పెక్టరు తన డ్రైవరుతో.

డ్రైవరు వెనక్కి చూశాడు, ముందుకు చూశాడు. చెయ్యి చాపి ఇంజను ఆపేశాడు. నీళ్లు లాంచి పక్కలకు తగిలే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"ఎవరు ఆపమన్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

డ్రైవరు తాళం చెవి తీసి చొక్కా జేబులో వేసుకుని, పిన్ని ఎదురుగా చోటుంటే వచ్చి కూర్చున్నాడు.